ఆటలో కొత్తవాడు



ఈ పూట ఒక తగాదా గురించి మాట్లాడుకుందాం. ఆస్తి తగాదా కాదు, గట్టు తగాదా కాదు. మీ ఇంట్లో పిల్లలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తలుపు దగ్గరగా వేసుకుని ఆడుతుంటారు చూడండి, ఆ ఆటల్లో వచ్చే తగాదా. ఎప్పటినుంచో ఆడుతున్నవాళ్లకీ, నిన్నమొన్న చేరినవాళ్లకీ మధ్య వచ్చేది. పిల్లలనే అనడం ఎందుకు? పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి ఒంటిగంట దాకా ఈ తగాదాలో మునిగితేలే పెద్దవాళ్లు కూడా ఉన్నారు.

ముందు సర్వర్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మైన్‌క్రాఫ్ట్ అని ఒక ఆట ఉంది. 2009లో స్వీడన్‌లో మొదలైంది. 2011 నవంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ దాన్ని తయారుచేసిన కంపెనీని 250 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆటలో ఏముంటుందంటారా? నేల, చెట్లు, కొండలు, గనులు. అన్నీ చిన్న చిన్న దిమ్మలతో చేసినవే. ఆ దిమ్మల్ని తవ్వుకోవచ్చు, పేర్చుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, పొలం వేసుకోవచ్చు. ఒక్కరే ఆడుకోవచ్చు. లేదంటే పదిమందో వందమందో కలిసి ఒకే లోకంలో ఆడుకోవచ్చు. అలా అందరూ కలిసే లోకాన్ని నడిపే కంప్యూటరే సర్వర్. విజయవాడలో ఉన్న పిల్లాడూ, న్యూజెర్సీలో ఉన్న వాళ్ల పెద్దమ్మ కొడుకూ ఒకే చెరువు ఒడ్డున పక్కపక్కన ఇళ్లు కట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. మీరు ఆట ఆపేసి పడుకున్నా ఆ లోకం పోదు. నిన్న కట్టిన గోడ ఇవాళ ఉంటుంది. పోయిన ఏడాది దాచిన వజ్రాలు ఇంకా పెట్టెలోనే ఉంటాయి. క్రికెట్‌లో ఎంత పెద్ద జట్టయినా తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ సున్నా దగ్గరే మొదలుపెట్టాలి. ఇక్కడ ఆ సున్నా లేదు. ముందొచ్చినవాడు సంపాదించింది వాడి దగ్గరే ఉంటుంది. వెనకొచ్చినవాడు ఖాళీ చేతులతో నిలబడతాడు. తగాదాకి వేరు అక్కడ ఉంది.

ఇప్పుడు ఒక కొత్త కుర్రాడు ఆ లోకంలోకి వచ్చాడనుకోండి. ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వేసవి సెలవులు. కొత్తవాళ్లందరూ మొదట దిగేది ఒకే చోట. దాన్ని స్పాన్ అంటారు. వందలమంది దిగిన చోటు కాబట్టి అక్కడ ఏమీ మిగలదు. చెట్లు ఎప్పుడో కొట్టేశారు. కోళ్లు, పందులు లేవు. కుర్రాడికి ఆకలవుతోంది. ఆ ఆటలో ఆకలి కూడా ఉంటుంది లెండి. కాసేపు నడిచాడు. పచ్చగా, నిండుగా గోధుమచేను కనిపించింది. కోశాడు. రొట్టె చేసుకుని తిన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి చేను యజమాని వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. ఆ చేనుకి నీళ్లు మళ్లించి, కంచె కట్టి, దీపాలు పెట్టి నెల రోజులు కష్టపడ్డాడు. కోసినందుకు వాడికి అంత కోపం లేదు. కోసి మళ్లీ విత్తనం వేయలేదు, అదీ వాడి కోపం. ఆ సర్వర్‌లో అదొక కట్టుబాటు. ఎవడి చేనయినా కోసుకో, కానీ విత్తనం వేసి వెళ్లు. ఇది ఎక్కడా రాసి లేదు. పాతవాళ్లందరికీ తెలుసు. కొత్త కుర్రాడికి ఎవరూ చెప్పలేదు.

ఇలాంటివి ఇంకా ఉంటాయి. చెట్టు కొడితే మొత్తం కొట్టాలి. కింద మొద్దు తీసేసి, పైన కొమ్మలు గాల్లో వేలాడేలా వదిలెయ్యకూడదు. ఆ ఆటలో అవి నిజంగానే గాల్లో ఉండిపోతాయి, చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. పేలుడుకి నేలలో గొయ్యి పడితే పూడ్చాలి. నాకు అన్నిటికంటే నవ్వొచ్చేది నిద్ర తగాదా. ఆ లోకంలో చీకటి పడితే జాంబీలు తిరుగుతాయి. అందరూ మంచాలెక్కి పడుకుంటే వెంటనే తెల్లారిపోతుంది. మామూలు అమరికలో ఒక్కడు పడుకోకపోయినా తెల్లారదు. కొత్తవాడికి మంచమే ఉండదు. మంచం కావాలంటే ఉన్ని కావాలి, ఉన్నికి గొర్రె కావాలి. వాడు చీకట్లో గొర్రె కోసం వెతుకుతుంటాడు. ఇరవైమంది మంచాల మీద పడుకుని వాణ్ణి తిడుతుంటారు.

తిట్టు కూడా ఒక్కటే. నూబ్. ఏమీ తెలియనివాడు అని. మన పెద్దవాళ్లయితే కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అనేవాళ్లు. పొద్దు ఎరగకపోవడం వాడి తప్పు కాదు, ఇంకా ఎవరూ చెప్పలేదంతే. కానీ అది ఆ క్షణంలో ఎవరికి తడుతుంది?

ఇదేదో ఇప్పటి పిల్లలకి పట్టిన జబ్బనుకోకండి. ఈ తగాదా వయసు నలభై ఏళ్ల పైనే. 1978లో ఇంగ్లండ్‌లో, ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో, రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఒక ఆట రాశాడు. పేరు మడ్. తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని పెంచాడు. చాలామంది ఒకేసారి ఒకే లోకంలో తిరిగే ఆటలకి అది మూలపురుషుడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. అందులో బాగా పాయింట్లు కూడబెట్టినవాడు మాంత్రికుడు అయ్యేవాడు. మాంత్రికుడికి మామూలు ఆటగాడికి లేని శక్తులుండేవి. అంటే మొదటి ఆటలోనే పాతవాడికి ఒక గద్దె వేసిపెట్టారన్నమాట.

ఆ తర్వాత 1997లో అమెరికాలో అల్టిమా ఆన్‌లైన్ వచ్చింది. టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో తయారైంది. అందులో ఊళ్లోపల కాపలావాళ్లుండేవాళ్లు. ఊరు దాటితే ఎవరు ఎవర్నయినా చంపి సామాను దోచుకోవచ్చు. పాతవాళ్లు ఊరి బయట కాపు కాసేవాళ్లు. కొత్తవాడు మొదటిసారి గేటు దాటి నాలుగడుగులు వేస్తాడు. అంతే, ప్రాణం పోతుంది, కత్తి పోతుంది. వాడు మళ్లీ ఆ ఆట ముఖం చూస్తాడా? కంపెనీ డబ్బు నెలనెలా చందాల మీద వస్తుంది కాబట్టి, ఈ సంగతి వాళ్ల లెక్కల్లో కనిపించింది. వాళ్లేం చేశారో కాసేపట్లో చెప్తాను.

ముందు అసలు కట్టుబాట్లే లేని చోట ఏమైందో వినండి. మైన్‌క్రాఫ్ట్‌లో టూ బీ టూ టీ అని ఒక సర్వర్ ఉంది. 2010 డిసెంబరులో మొదలైంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ లోకాన్ని తుడిచేసి కొత్తగా మొదలుపెట్టలేదు. దొంగతనం చేయొచ్చు, ఇల్లు తగలబెట్టొచ్చు, మోసం చేసే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు, ఎవరూ అడగరు. కొత్తవాళ్లు దిగే చోటు చూస్తే భయమేస్తుంది. మైళ్ల పొడుగునా గోతులు, లావా, కూలిన గోడలు. తినడానికి గడ్డి కూడా దొరకదు. అక్కణ్ణుంచి ప్రాణాలతో బయటపడితే వాడు ఘనుడే.

2016 జూన్‌లో యూట్యూబ్‌లో బాగా చూసే ఒక ఛానల్, ద క్యాంపింగ్ రషర్, ఈ సర్వర్ మీద వీడియోలు మొదలుపెట్టింది. చూసినవాళ్లు వేలాదిగా వచ్చిపడ్డారు. అంతవరకూ ఆ సర్వర్‌లో ఎంతమందంటే, ఒకళ్ల పేరు ఒకళ్లకి తెలిసేంతమందే. ఒక్కసారిగా లోపలికి వెళ్లడానికి క్యూ. గంటలకొద్దీ క్యూ. ఏళ్ల తరబడి ఆడుతున్నవాడు కూడా కొత్తవాళ్ల వెనకాల నిలబడాల్సి వచ్చింది. పాతవాళ్లకి కడుపు మండింది. అంతకుముందు ఒకళ్లనొకళ్లు చంపుకున్నవాళ్లే ఏకమై, స్పాన్ దగ్గర కాపు కాసి, కొత్తవాళ్లని వచ్చినవాణ్ణి వచ్చినట్టు చంపారు. కొత్తవాళ్లకి రషర్లు అని పేరు పెట్టారు. అదొక తిట్టు అయిపోయింది. తర్వాత డబ్బు కట్టినవాళ్లకి వేరే క్యూ వచ్చింది. దాని మీద మరో గొడవ.

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించింది యుద్ధం కాదు. ఆ రషర్లలో కొందరు ఉండిపోయారు. చావగా చావగా ఆట నేర్చుకున్నారు. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు వాళ్లూ పాతవాళ్లే. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లని చూసి, మా రోజుల్లో ఇలా ఉండేది కాదండీ అంటారు.

సరే. కట్టుబాటు లేకపోతే యుద్ధం. కట్టుబాటు ఉండి, చెప్పేవాడు లేకపోతే తిట్లు. మరి ఏం చేయాలి?

దీనికి మందు మన వీధుల్లోనే ఉంది. మీలో చాలామందికి తెలుసు. ఆటలో అరటిపండు.

సాయంత్రం పూట పిల్లలు దొంగా పోలీసో, దాగుడుమూతలో ఆడుకుంటుంటారు. అంతలో అమ్మ లోపల్నుంచి కేకేస్తుంది, తమ్ముణ్ణి కూడా ఆడించుకోండిరా అని. తమ్ముడికి నాలుగేళ్లు. వాడికి పరిగెత్తడం సరిగ్గా రాదు. దాక్కోమంటే స్తంభం వెనక దాక్కుని కళ్లు మూసుకుంటాడు. వాణ్ణి నిజంగా ఆటలో కలిపితే రోజంతా వాడే దొంగ. ఏడుస్తాడు. అమ్మ వస్తుంది. ఆట పాడవుతుంది. అందుకని పెద్దపిల్లలు ఒక తీర్పు చెప్తారు. వాడు ఆటలో అరటిపండు. అంటే వాడూ పరిగెత్తొచ్చు, వాడూ దాక్కోవచ్చు, వాణ్ణి పట్టుకున్నా అవుట్ లేదు. 

ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. ఇందులో మూడు సంగతులున్నాయి. వాడు అరటిపండని ఆడేవాళ్లందరికీ తెలుసు. ఒకటి. వాడికి దెబ్బ తగలదు, కానీ వాడు పక్కన కూర్చోలేదు, ఆటలోనే ఉన్నాడు. రెండు. మూడోది మనం మర్చిపోయేది. అది ఎల్లకాలం ఉండదు. ఒకరోజు వాడే వచ్చి కాలు నేలకేసి కొడతాడు. నేను అరటిపండు కాదు, నన్ను కూడా అవుట్ చేయండి అంటాడు. ఆ రోజు నుంచి వాడు ఆటగాడు.

నేను చెప్పదల్చుకున్న మాట ఇదొక్కటే. సర్వర్‌లోకి వచ్చిన కొత్తవాణ్ణి కొన్నాళ్లు అరటిపండుగా ఉంచండి. అందరికీ తెలిసేలా ఉంచండి. ఆటలోనే ఉంచండి. ఆ కొన్నాళ్లకీ ఒక ముగింపు పెట్టండి.

అల్టిమా ఆన్‌లైన్ వాళ్లు ఏం చేశారో చెప్తానన్నాను కదా. 2000 సంవత్సరంలో రెండు పనులు చేశారు. ఒకటి, లోకాన్ని రెండుగా చేశారు. ఒకటి పాత లోకం. అక్కడ చంపొచ్చు, దోచుకోవచ్చు. రెండోది అచ్చం అలాంటి లోకమే, కానీ అక్కడ ఇష్టం లేనివాణ్ణి ఎవరూ చంపలేరు. రెండో పని చిన్నది. కొత్తగా చేరినవాడి పేరు పక్కన యంగ్ అని ఒక గుర్తు వేశారు. అంటే పసివాడు. ఆ గుర్తు ఉన్నంతకాలం తోటి ఆటగాళ్ల కత్తి వాడి మీద పడదు. నలభై గంటలు ఆడాక, లేదా విద్యలు ఒక స్థాయికి పెరిగాక, ఆ గుర్తు తనంతట తానే పోతుంది. అంతదాకా ఆగలేనివాడు, నా పసివాడి హోదా వదులుకుంటున్నానని ఆటలో అక్కడికక్కడే టైపు చేస్తే సరిపోతుంది. అప్పటికప్పుడు పోతుంది. అచ్చం మన తమ్ముడు కాలు నేలకేసి కొట్టినట్టే. ఆస్టిన్‌లో కూర్చున్నవాళ్లకి ఆటలో అరటిపండు గురించి ఎవరు చెప్పారో!

ఈ రెండు పనుల్లో నాకు రెండోదే నచ్చింది. మొదటిదాంట్లో జనం దాదాపు అందరూ భద్రమైన లోకానికి వెళ్లిపోయారు. పాత లోకం బోసిపోయింది. దాంట్లోనే మజా ఉందనుకునేవాళ్లు, మా ఆటని చంపేశారని ఇప్పటికీ బాధపడతారు. వాళ్ల బాధలో కొంత నిజముంది. ఎల్లకాలం అరటిపండుగానే ఉండే వీలు కల్పిస్తే చాలామంది అలాగే ఉండిపోతారు. పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలవడం కూడా తగ్గిపోతుంది. గుర్తు వేసి, గడువు పెట్టడం వేరు. అప్పుడు ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారు.

జపాన్‌లో తయారైన ఫైనల్ ఫాంటసీ ఫోర్టీన్ అనే ఆటలో ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ కొత్తవాడి పేరు పక్కన పచ్చటి మొలక బొమ్మ ఉంటుంది. దూరం నుంచే కనిపిస్తుంది. కొన్ని వందల గంటలు ఆడి, కథ కొంతవరకూ నడిపాక అది పోతుంది. ఆ మొలక ఉన్నవాడు తప్పుదారిలో వెళ్తుంటే, దారిన పోయేవాళ్లు ఆగి చెప్తారు. పాతవాళ్లలో ఇష్టమున్నవాళ్లకి మార్గదర్శి అని కిరీటం బొమ్మ కూడా ఇస్తారు. కిరీటం పెట్టుకున్నవాళ్లందరికీ ఓపిక ఉంటుందని కాదు. దాని మీద ఆ ఆటలో జోకులు కూడా ఉన్నాయి. 

కిరీటం సంగతి అలా ఉంచండి. వాళ్లు చేసిన అసలు తెలివైన పని వేరే ఉంది. ఆ ఆటలో నలుగురో ఎనిమిదిమందో కలిసి ఒక గుహలోకి వెళ్లి రాక్షసుణ్ణి ఓడించాలి. పాతవాడికి ఆ గుహ కొట్టినపిండి. కొత్తవాడు వస్తే ఆలస్యమవుతుంది, ఒకటికి రెండుసార్లు చస్తారు. మామూలుగా అయితే పాతవాళ్లు ఏమంటారు? అబ్బా, వీడొకడు అంటారు. ఆట తయారుచేసినవాళ్లు ఏం చేశారంటే, గుంపులో ఆ గుహకి మొదటిసారి వచ్చినవాడు ఒక్కడున్నా సరే, గెలిచాక మిగతావాళ్లందరికీ అదనంగా బహుమతి ఇచ్చారు. లోపలికి వెళ్లగానే, మీలో ఒకరు కొత్త అని తెరమీద వస్తుంది. అది చూడగానే పాతవాళ్ల ముఖం విప్పారుతుంది. ఎవరండీ కొత్త, రండి రండి అంటారు. మనుషులు మారలేదు, లెక్క మారింది. తమ్ముణ్ణి ఆడిస్తే అమ్మ అందరికీ తలో జంతిక ఇచ్చిందనుకోండి, ఇక రోజూ వాళ్లే పిలుస్తారు.

నేను అమాయకంగా మాట్లాడుతున్నానని కొందరు అనుకుంటూ ఉండొచ్చు. సర్వర్ నడిపిన అనుభవం ఉన్నవాళ్లు వెంటనే అడుగుతారు. కొత్తవాడి వేషంలో పాతవాడే వస్తేనో? నిజమే, వస్తాడు. ఒకసారి వెళ్లగొట్టించుకున్నవాడు ఇంకో పేరుతో తయారవుతాడు. ఏమీ తెలియనట్టు నటిస్తాడు. రెండు రోజులు అన్నా అన్నా అని వెంట తిరిగి, మూడో రోజు పెట్టెలన్నీ ఊడ్చుకుపోతాడు. ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో ఇదొక విద్య. ఐస్‌లాండ్ కంపెనీ తయారుచేసిన ఆట అది. 2003 నుంచి నడుస్తోంది. అంతరిక్షంలో ఓడలు, వ్యాపారం, యుద్ధం, గూఢచర్యం. మోసం చేయడం అక్కడ ఆటలో భాగమే. పైగా అక్కడ నైపుణ్యాలు గడియారంతో పాటు పెరుగుతాయి. మనం నిద్రపోతున్నా పెరుగుతాయి. ఇరవై ఏళ్ల క్రితం చేరినవాణ్ణి ఇవాళ చేరినవాడు ఆ గడియారంతోనే అందుకోవాలంటే కుదిరే పని కాదు.

అంత కటువైన ఆటలోనూ ఒక నియమం ఉంది. కొత్తవాళ్లు మొదట దిగే కొన్ని ప్రాంతాల్లో వాళ్లని వేధించకూడదు. ఎవరైనా వేధిస్తే కంపెనీయే వచ్చి పట్టుకుంటుంది. ఆ గీత దాటాక ఎవరి జాగ్రత్త వాళ్లది. 2004లో అక్కడి ఆటగాళ్లే కొందరు ఈవ్ యూనివర్సిటీ అని ఒక సంఘం పెట్టారు. కొత్తవాళ్లకి పాఠాలు చెప్పడమే దాని పని. ఓడ ఎలా నడపాలి, ఎవర్ని నమ్మకూడదు, పేలిపోతే ఏం చేయాలి. ఇప్పటికీ నడుస్తోంది. దాంట్లోకీ గూఢచారులు చొరబడాలని చూస్తూనే ఉంటారు. అయినా వాళ్లు తలుపులు మూసుకోలేదు. మరి దొంగ భయానికి విరుగుడు ఏమిటి? అరటిపండుకి రక్షణ ఇవ్వండి, తాళంచెవి ఇవ్వకండి. వీధిలో ఆటకి పిలిచినంత మాత్రాన బీరువా తెరిచి చూపించం కదా.

ఇప్పుడు మీ పిల్లలు నడిపే చిన్న సర్వర్ దగ్గరికి వద్దాం. ఇరవై ముప్ఫైమంది ఉంటారు. అపార్ట్‌మెంట్ స్నేహితులు, బంధువుల పిల్లలు, వాళ్ల స్నేహితులు. ఇక్కడ పెద్ద కంపెనీ లేదు. ఏం చేయొచ్చు?

మైన్‌క్రాఫ్ట్ సర్వర్లకి గ్రీఫ్ ప్రివెన్షన్ అని ఒక ప్లగిన్ ఉంది. ప్లగిన్ అంటే ఆటకి తగిలించే అదనపు సాధనం. దాన్ని తయారుచేసినవాళ్లకి కొత్తవాడి మనసు తెలుసనిపిస్తుంది. కొత్తవాడు తన మొదటి పెట్టె నేలమీద పెట్టగానే, దాని చుట్టూ కొంచెం నేల వాడి పేరు మీద అయిపోతుంది. వాడు ఎవర్నీ అడగక్కర్లేదు. వేరేవాళ్లు ఆ పెట్టె తెరవలేరు, ఆ గోడ పగలగొట్టలేరు. ఆ తర్వాత ఆడిన ప్రతి గంటకీ ఇంకా కొంత నేల గుర్తించుకునే హక్కు వస్తుంది. మామూలు అమరికలో గంటకి 100 దిమ్మల చొప్పున. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. వెయ్యి గంటలు ఆడినవాడు స్పాన్ చుట్టూ ఉన్న మంచి నేలంతా తన పేర రాయించుకోగలడు. అప్పుడు కొత్తవాడు ఎక్కడ పెట్టె పెట్టబోయినా, ఇది ఫలానావారిది అని వస్తుంది. అందుకని స్పాన్ చుట్టూ కొంత నేల ఎవరూ రాయించుకోకుండా వదిలెయ్యాలి. ఇది సర్వర్ యజమాని మొదటి రోజే చేసుకోవాల్సిన పని. ఏడాది తర్వాత చేస్తే, రాయించుకున్నవాళ్లతో ఇంకో తగాదా.

రెండో పని, రాసి లేని కట్టుబాట్లు రాయడం. ఇరవై రాస్తే ఎవరూ చదవరు. కోస్తే విత్తనం వెయ్యి. పేరున్న పెట్టె ముట్టుకోకు. ఆకలేస్తే ఈ చేను అందరిదీ. ఈ మూడు మాటలు స్పాన్ దగ్గర చెక్కపలక మీద రాసి పెడితే సగం తిట్లు తగ్గుతాయి. ఆ మూడో మాట ముఖ్యం. అందరిదీ అన్న చేను ఒకటి నిజంగా ఉండాలి. ఆకలితో ఉన్నవాడికి నియమం చెప్పి, తిండి చూపించకపోతే వాడు దొంగే అవుతాడు.

మూడో పని మనిషితో చేయించేది. కొత్తవాడు వచ్చిన మొదటి గంట వాడి వెంట ఒక పాతవాడు ఉండాలి. ఒక్క గంట చాలు. పాతవాళ్లు వేసుకున్న సొరంగదారి చూపించాలి. ఆ ఆటలో నెదర్ అని కింద ఇంకో లోకం ఉంటుంది. అందులో ఒక అడుగు నడిస్తే పై లోకంలో ఎనిమిది అడుగులు నడిచినట్టు. పాతవాళ్లందరూ ఆ దారినే దూరపు ఊళ్లకి వెళ్తుంటారు. కొత్తవాడికి అది తెలియక పైన ఎండలో నడిచి నడిచి చస్తాడు. ఆ దారి చూపించిన పాతవాణ్ణి వాడు జన్మలో మర్చిపోడు. 

అలాగని వాడి చేతిలో వజ్రాల కత్తి, వజ్రాల కవచం పెట్టేయకండి. చాలామంది మంచి మనసుతో చేసే పొరపాటు ఇది. మొదటి గొర్రెని పట్టుకోవడం, మొదటి రాత్రి మట్టిగుడిసెలో గడపడం, మొదటి ఇనుము దొరికినప్పుడు ఎగిరి గంతేయడం, ఇవన్నీ వాడి ఆట. అన్నీ ఇచ్చేస్తే రెండు రోజుల్లో విసుగొచ్చి వెళ్లిపోతాడు. దారి చూపించండి, తిండి పెట్టండి. మిగతాది వాణ్ణే చేసుకోనివ్వండి.

మరి ఆ గంట ఇచ్చిన పాతవాడికి ఏమిటి? ఇదీ ఆలోచించాలి. అల్టిమా ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లకి సాయం చేయడానికి కౌన్సెలర్లని స్వచ్ఛందంగా పనిచేసే ఆటగాళ్లు ఉండేవాళ్లు. వేళలు, నియమాలు, పైవాళ్లకి జవాబు చెప్పుకోవడం, అన్నీ ఉద్యోగంలాగే. 2000లో వాళ్లలో కొందరు కోర్టుకి వెళ్లారు. మేం చేసింది పని, జీతం ఇవ్వాలన్నారు. చిన్న సర్వర్‌లో ఎవరూ కోర్టుకి వెళ్లరు. కానీ ఎప్పుడూ ఒక్కడి నెత్తినే పెడితే వాడికీ విసుగొస్తుంది. వంతులు వేసుకోండి. వంతు చేసినవాడికి ఏదో ఒకటి ఇవ్వండి. నాలుగు అడుగుల నేల ఎక్కువ ఇవ్వండి. పేరు పక్కన రంగు మార్చండి. చిన్నదే అయినా లెక్క లెక్కే.

ఇంకొక్క సంగతి. ఈ ఏర్పాటు ఒకళ్లో ఇద్దరో వచ్చినప్పుడు పనిచేస్తుంది. నలుగురు పిల్లలు ఆడేచోటికి నలభైమంది తమ్ముళ్లు ఒకేసారి వస్తే అరటిపండూ లేదు, ఆటా లేదు. ఫైనల్ ఫాంటసీ ఫోర్టీన్ వాళ్లకే 2021 డిసెంబరులో ఇలా అయింది. కొత్త భాగం విడుదలైంది. జనం పోటెత్తారు. లోపలికి వెళ్లడానికి గంటల క్యూ. మధ్యలో క్యూ తెగిపోయేది కూడా. ఆట నిర్మాత నవోకీ యోషిదా క్షమాపణ చెప్పి, చందా కట్టినవాళ్లకి అదనపు రోజులు ఇచ్చారు. అంతటితో ఆగలేదు. ఆట అమ్మడమే కొంతకాలం ఆపేశారు. డబ్బులొచ్చే తలుపు తామే మూసుకున్న కంపెనీలు ఎన్నుంటాయి? టూ బీ టూ టీలో 2016లో అలాంటి తలుపు లేదు, మూయడానికి. మీ చిన్న సర్వర్‌కి ఉంది. దాన్ని వైట్‌లిస్ట్ అంటారు. అందులో పేరున్నవాళ్లే లోపలికి వస్తారు. సెలవులు మొదలవగానే క్లాసంతా వస్తామంటే, వారానికి ఇద్దరు ముగ్గురి చొప్పున రానివ్వండి. మిగతావాళ్లు అలుగుతారు. అలగనివ్వండి.

తల్లిదండ్రులకి ఒక మాట. ఒకరోజు మీ అబ్బాయో అమ్మాయో ఎర్రబడ్డ కళ్లతో గదిలోంచి బయటికి రావచ్చు. నా ఇల్లు పగలగొట్టారు అనొచ్చు. అది ఆటేగా, పోనీలే అనేయకండి. వాళ్లు కష్టపడ్డ గంటలు నిజం. అలాగని వెంటనే ఫోన్ లాక్కోకండి. ఒక ప్రశ్న అడగండి. అక్కడ నీకు తెలిసిన పెద్దవాళ్లెవరైనా ఉన్నారా, లేక ఒక్కడివే వెళ్లావా? ఒక్కడివే అంటే, రేపు ఎవరితో వెళ్లాలో ఇద్దరూ కలిసి ఆలోచించండి. అవతలివాడు ముక్కూ మొహం తెలియనివాడైతే ఇంటి చిరునామా, బడి పేరు, ఫోన్ నంబరు చెప్పొద్దని కూడా అప్పుడే చెప్పండి. అదే ప్రశ్న తిప్పి కూడా అడగొచ్చు. ఇవాళ మీ సర్వర్‌లోకి కొత్తగా ఎవరైనా వచ్చారా, వాళ్లకి చేను చూపించింది ఎవరు అని.

ఇక గడువు ఎంత పెట్టాలని అడుగుతారేమో. పెద్ద సర్వర్లలో గంటల్లో లెక్క వేస్తారు. పిల్లల సర్వర్‌కి ఒక వారం చాలనిపిస్తుంది నాకు. ఆ వారంలో వాడు చేను కోసి విత్తనం వేయకపోతే చెప్పి వదిలెయ్యాలి. ఎనిమిదో రోజు కూడా అదే పని చేస్తే, ఇంజనీరింగ్ కుర్రాడు హాయిగా తిట్టుకోవచ్చు. నాకేమీ అభ్యంతరం లేదు.